జిల్లాకు సముద్రం వచ్చింది, సముద్రానికి దారి ఎప్పుడు?

పాఠకుల ప్రశ్నలు – మా జవాబులు

ఈ నెల వచ్చిన ఉత్తరాల్లో ఎక్కువ భాగం తూర్పున ఉన్న తీరం గురించినవే. ఒకే సందేహాన్ని పలువురు అడిగినచోట ఒక ఉత్తరాన్నే తీసుకుని జవాబు రాశాము.

ప్రశ్న: 2022 ఏప్రిల్‌లో జిల్లాల విభజన జరిగినప్పుడు సూళ్లూరుపేట, వాకాడు ప్రాంతాలు కలవడంతో మన తిరుపతి జిల్లాకు సముద్రతీరం వచ్చింది. దుగరాజపట్నంలో పూర్వం ఇంగ్లీషువారి రేవు ఉండేదని చదివాను. చెన్నై మెరీనా లాగా, విశాఖ రామకృష్ణా బీచ్ లాగా అక్కడ పెద్ద బీచ్ రోడ్డు వేసి, పాత కోటను మళ్లీ కట్టి చూపిస్తే కొండకు వచ్చే యాత్రికుల్లో పదోవంతు అటు వెళ్లినా చాలు కదా? ఇంత ఆలస్యం ఎందుకు?
– విశ్రాంత ఉపాధ్యాయుడు, తిరుపతి

జవాబు: ఆలస్యం కావడం వల్ల ఇంతవరకు నష్టమేమీ జరగలేదనే మా అభిప్రాయం. మీరు చదివిన చరిత్ర మాత్రం నిజమే. మచిలీపట్నంలో డచ్చివారి పోటీకి, అక్కడి అధికారుల ఒత్తిడికి తట్టుకోలేక ఈస్టిండియా కంపెనీ ఉద్యోగులు 1626లో దుగరాజపట్నం చేరి వర్తకశాల తెరిచారు. తమకు చోటు దొరకడానికి సాయపడిన ఆరుముగం మొదలియారు పేరు మీదుగా ఆ స్థావరాన్ని ఆర్మగాన్ అని పిలుచుకున్నారు. కోరమాండల్ తీరంలో ఇంగ్లీషువారు ఫిరంగులు పెట్టుకుని కోటలా బందోబస్తు చేసుకున్న మొదటి చోటు అదే. అయితే వారికి కావలసిన బట్టల సరుకు అక్కడ తగినంతగా, తగిన ధరకు అందలేదు. 1639లో మద్రాసు స్థలం చేతికి రాగానే కొద్దికాలంలోనే తట్టాబుట్టా సర్దుకుని వెళ్లిపోయారు. దుగరాజపట్నం రేవుకు కంపెనీతో ఉన్న సంబంధం పదిహేనేళ్ల ముచ్చట మాత్రమే.

ఈ కారణంగానే, యాత్రికుడికి చూపించడానికి అక్కడ గోడలు, బురుజులు నిలిచి లేవు. ఆర్మగాన్ పేరు ఇప్పుడు నావికుల పటాల్లో, అక్కడి దీపస్తంభానికి మిగిలింది. పాత కోటను మళ్లీ కట్టాలన్న మీ సూచనతో మేము ఏకీభవించలేము. ఎలా ఉండేదో తెలియని కోటను సిమెంటుతో ఊహించి కట్టి, దానికి రంగు వేసి, చరిత్ర అని బోర్డు పెడితే అది సినిమా సెట్టు అవుతుంది. ఉన్న దీపస్తంభాన్ని ప్రజలకు తెరవడం, దాని నీడలో ఒక చిన్న గదిలో పాత పటాలను, రేవు కథను తెలుగులో చెప్పడం ఎంతో తక్కువ ఖర్చుతో జరిగే పని. 2024 ఫిబ్రవరిలో కేంద్రం దేశంలో 75 దీపస్తంభాలను పర్యాటకానికి సిద్ధం చేసి అంకితం చేసింది కాబట్టి ఈ దారి కొత్తదేమీ కాదు.

ఇక మెరీనా. తిరుపతి, చిత్తూరు వాసుల్లో చాలామందికి చిన్నప్పుడు మొదట చూసిన సముద్రం అదే కాబట్టి, బీచ్ అనగానే మనకు ఆ వెడల్పే కళ్ల ముందు మెదులుతుంది. ఆ ఇసుక మైదానం చాలావరకు రేవు కట్టడం వల్ల ఏర్పడినదని గుర్తు చేయాలి. మన తూర్పు తీరం వెంట ఏడాది మొత్తం మీద ఇసుక దక్షిణం నుంచి ఉత్తరానికి కదులుతుంది. సముద్రంలోకి రాతికట్ట వేస్తే దాని దక్షిణాన ఇసుక పేరుకుంటుంది, ఉత్తరాన ఒడ్డు కోసుకుపోతుంది. 19వ శతాబ్దం చివరలో మద్రాసు రేవుకు కట్టలు వేసిన తరువాత దక్షిణాన మెరీనా ఏటేటా వెడల్పు అవుతూ వచ్చింది, ఉత్తరాన రాయపురం వైపు పాలెంలు సముద్రంలోకి జారుతూ వచ్చాయి. గవర్నరు గ్రాంట్ డఫ్ 1880లలో వేయించిన విహార మార్గాన్ని మనం మెచ్చుకుంటాము. ఉత్తరాన ఇళ్లు పోగొట్టుకున్నవారిని ఎవరూ తలచుకోరు. పుదుచ్చేరిలో 1980ల చివర రేవుకు కట్టలు వేసిన తరువాత ఊరి ముందున్న ఇసుక మొత్తం కొట్టుకుపోయి, చాలా ఏళ్లు నల్లరాళ్ల కుప్పలే మిగిలాయి. చెన్నైలోని జాతీయ సముద్ర సాంకేతిక సంస్థ రూపకల్పనతో నీటి అడుగున కృత్రిమ అడ్డును ఏర్పాటు చేసి, 2018 నాటికి కొంత ఇసుకను తిరిగి రప్పించగలిగారు. విశాఖలో ఈనాటికీ రేవు దగ్గర పేరుకున్న ఇసుకను తోడి రామకృష్ణా బీచ్‌కు పోస్తూ ఉండవలసి వస్తున్నది. మీరు ఆదర్శంగా చెప్పిన రెండు తీరాల వెనుక ఉన్న లెక్క ఇది.

దుగరాజపట్నంలో ఒడ్డును ఆనుకుని కాంక్రీటు గోడ, దాని మీద బీచ్ రోడ్డు వేయాలన్న ఆలోచన వచ్చినప్పుడు ఈ లెక్కను ముందు పెట్టాలి. పైగా అక్కడ పెద్ద ప్రతిపాదనలు ఎప్పుడూ తలపైన తిరుగుతూనే ఉన్నాయి. 2014 పునర్విభజన చట్టంలోనే దుగరాజపట్నం భారీ ఓడరేవు పేరు ఉంది, 2018 నాటికి తొలిదశ కావాలన్న మాటా ఉంది. పక్కన శ్రీహరికోట రాకెట్ కేంద్రం, వెనుక పక్షుల అభయారణ్యమైన పులికాట్ సరస్సు ఉండడంతో అది ముందుకు సాగలేదు. ఇప్పుడు నౌకానిర్మాణ కేంద్రం మాట వినిపిస్తున్నది. రేపు కట్టలు వస్తే ఇసుక ఎటు పోతుందో తేలకుండా ఈ రోజు బీచ్ రోడ్డు వేయడం ప్రజల డబ్బును అలలకు అప్పగించడమే. ముందుగా కావలసినవి వేరు: తిరుపతి నుంచి వాకాడు మండలంలోని తూపిలిపాళెం తీరం వరకు సెలవు రోజుల్లో నేరుగా బస్సు, చివరి మైలు మంచి రోడ్డు, ఆడవారు వెళ్లగలిగే మరుగుదొడ్డి, తాగునీరు, చెట్ల నీడ, ఈత ప్రమాదమైన చోట ఎర్రజెండాతో ఒక కాపలాదారు. వీటిలో ఏ ఒక్కటీ శంకుస్థాపన ఫలకానికి పనికివచ్చేది కాదు, అందుకే ఎవరికీ తోచడం లేదేమో.

ప్రశ్న: మద్రాసు నగరం పుట్టుకలో మా శ్రీకాళహస్తికీ, చంద్రగిరికీ పాత్ర ఉందని మా అధ్యాపకులు చెప్పారు. సముద్రం లేని ఊళ్లకు రేవులతో పని ఏమిటి?
– డిగ్రీ విద్యార్థిని, శ్రీకాళహస్తి

జవాబు: రేవు ఒడ్డున ఉంటుంది, దాని మీద హక్కు లోపలి కోటలో ఉంటుంది. 17వ శతాబ్దం మొదట్లో ఈ తీరానికి ప్రభువులు చంద్రగిరి, వేలూరుల నుంచి ఏలిన విజయనగర రాజులు. డచ్చివారు సరస్సు ఒడ్డునున్న పులికాట్ (పళవేర్కాడు) ఊళ్లో నిలదొక్కుకోవడానికి అనుమతి అడిగింది వెంకటపతి రాయలనే. 1613లో వారు అక్కడ గెల్డ్రియా కోట కట్టారు. మీ ఊరి దామర్ల నాయకుల వంశంలోని వెంకటాద్రి నాయకుడు 1639లో మద్రాసు స్థలాన్ని కంపెనీకి ఇచ్చాడు. ఆ బేరం కుదుర్చుకున్న ఫ్రాన్సిస్ డే ఆర్మగాన్ వర్తకశాల అధికారి. తరువాత 1645లో శ్రీరంగ రాయలు ఆ హక్కును తిరిగి ధ్రువపరిచాడు. అంటే కాళహస్తి, చంద్రగిరి, దుగరాజపట్నం, పులికాట్ ఒకే కథలోని నాలుగు చోట్లు. వీటిని కలిపే యాత్రామార్గం ఒక్కటి కూడా లేకపోవడం మాకు వింతగా ఉంటుంది. చంద్రగిరి రాజమహల్‌లో పురావస్తు శాఖ ప్రదర్శనశాల ఎలాగూ ఉంది. రేవుల కథకు అక్కడ ఒక గది కేటాయిస్తే, సముద్రం చూడబోయేవారు తాము దేనిని చూడబోతున్నారో తెలుసుకుని బయలుదేరుతారు.

అధ్యాపకులు ఒక విషయం చెప్పి ఉండకపోవచ్చు. పులికాట్ నుంచి డచ్చి ఓడల్లో బట్టలతో పాటు మనుషులూ వెళ్లారు. 17వ శతాబ్దంలో కరువులు, యుద్ధాలు వచ్చిన ఏళ్లలో ఈ తీరం నుంచి వేలమందిని బానిసలుగా బటావియాకు (నేటి జకార్తా), ఇతర స్థావరాలకు పంపారు. పులికాట్‌లోని డచ్చివారి శ్మశానంలో చెక్కిన రాళ్లు అందంగా ఉంటాయి, పురావస్తు శాఖ వాటిని కాపాడుతున్నది. ఆ రాళ్ల దగ్గర పెట్టే సమాచారఫలకంలో ఓడలెక్కిన మన ఊళ్లవారి మాట కూడా ఉండాలి. దీనికి ఎదురుగా చెప్పదగిన మంచి ఉదాహరణ కూడా మన తీరంలోనే ఉంది: కాకతి గణపతిదేవుడు 1244లో మోటుపల్లి రేవులో వేయించిన అభయశాసనం. గాలివానకు దెబ్బతిని ఒడ్డుకు కొట్టుకొచ్చిన ఓడల సరుకును రాజులు జప్తు చేసుకునే ఆనవాయితీని మానిపించి, నిర్ణయించిన సుంకం తప్ప మరేమీ తీసుకోబోమని వర్తకులకు హామీ ఇచ్చిన శాసనం అది.

ప్రశ్న: అయ్యా, మాది వాకాడు మండలంలో సముద్రం పక్కన పాలెం. నేను తిరుపతిలో హోటల్లో పని చేస్తున్నాను, మా నాయన, అన్న వేటకు వెళ్తారు. టూరిజం వస్తే మాకు పని దొరుకుతుందని కొందరు, ముందు మమ్మల్నే లేపేస్తారని కొందరు అంటున్నారు. ఏది నిజం?
– ఒక పాఠకుడు, తిరుపతి

జవాబు: రెండూ జరిగినవే, రెండూ జరగగలిగినవే. ఏది జరుగుతుందన్నది మొదటి పటం ఎవరు గీస్తారన్న దాని మీద ఆధారపడి ఉంటుంది.

పట్నం నుంచి వచ్చిన ఇంజనీరుకు మీ ఒడ్డు ఖాళీ ఇసుకలా కనిపిస్తుంది. మీ నాయనగారికి అది ఖాళీ కాదు. పడవలు లాగి పెట్టే చోటు, వలలు ఆరబెట్టి బాగుచేసుకునే చోటు, ఆడవారు చేపలు ఎండబెట్టే చోటు, ఉదయం వేలం జరిగే చోటు, తుపాను హెచ్చరిక వచ్చినప్పుడు పడవలను ఇంకా పైకి లాక్కునే చోటు, ఇవన్నీ ఆ ఇసుకలోనే ఉన్నాయి. వీటికి పట్టా ఉండదు, గోడ ఉండదు, కాబట్టి పటంలో కనిపించవు. తీరం అభివృద్ధి అన్న మాట వినగానే పాలెం పెద్దలు చేయవలసిన మొదటి పని, ఈ చోట్లన్నింటినీ సర్వే నంబర్లతో సహా కాగితం మీద గుర్తించి, గ్రామసభలో తీర్మానం చేయించి, మత్స్యశాఖకూ కలెక్టరు కార్యాలయానికీ ఇచ్చి రసీదు తీసుకోవడం. శ్రీహరికోటలో రాకెట్ కేంద్రం వచ్చినప్పుడు దీవిలోని యానాదులను, ఇతరులను బయటికి తరలించిన సంగతి మీ పెద్దలకు గుర్తుండే ఉంటుంది. అడవిలోనూ నీటిలోనూ బతికినవారికి అప్పుడు చూపించుకోవడానికి కాగితం లేదు.

పని విషయానికి వస్తే, మీ తీరానికి ఒక అనుకూలత ఉంది, దానిని ఎవరూ వాడుకోవడం లేదు. తూర్పు తీరంలో ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు 61 రోజులు మరపడవల వేట నిషేధం. పిల్లలకు బడి సెలవులు, తిరుమలలో రద్దీ, మీ ఇంట్లో ఆదాయం లేని కాలం, మూడూ ఒకేసారి వస్తాయి. ప్రభుత్వం ఇచ్చే భృతి రెండు నెలలకు సరిపోదని మీకు మేము చెప్పనక్కరలేదు. ఆ రెండు నెలలు తీరానికి వచ్చేవారికి భోజనం, ఇంటి బస, వల అల్లడం, ఒడ్డు నుంచి అలివి వల లాగడం చూపించడం వంటివి పాలెం సహకార సంఘమే నడిపితే డబ్బు పాలెంలో ఆగుతుంది. అదే పనిని టెండరు పిలిచి బయటి కాంట్రాక్టరుకు ఇస్తే మీ అన్నకు దొరికేది కాపలా ఉద్యోగమో, పార్కింగు రసీదులు చింపే ఉద్యోగమో. మేము సంఘం వైపే మాట్లాడుతాము, సంఘాల్లో తగాదాలు ఉంటాయని తెలిసి కూడా.

పులికాట్ దక్షిణపు ఒడ్డున జాలరులకు పాడు అనే పద్ధతి తరతరాలుగా ఉంది. మంచి వేటచోట్లను చీటీల మీద వంతులవారీగా పంచుకుంటారు, ఎవరి రోజు వారిది. యాత్రికుల పడవలకు, తినుబండారాల బడ్డీలకు కూడా అదే పద్ధతి పెట్టుకోవచ్చు. ఈ విషయంలో ఏ సలహాదారు సంస్థ నుంచీ నేర్చుకోవలసిన అవసరం లేదు.

కానీ పడవ షికారు విషయంలో ఒక కఠినమైన మాట చెప్పాలి. వేటపడవలో యాత్రికులను ఎక్కించకండి. 2011 డిసెంబరులో పళవేర్కాడు దగ్గర పండుగ రోజున షికారుకు వెళ్లిన వేటపడవ తిరగబడి 20 మందికి పైగా మరణించారు. లైఫ్ జాకెట్లు, తూకానికి మించి ఎక్కించకపోవడం, అనుమతి, బీమా, ఈ నాలుగూ కుదిరేదాకా షికారు ఆదాయాన్ని వదులుకోవడమే మంచిది. ఒక్క ప్రమాదం జరిగితే తీరం మొత్తాన్ని మూసివేసే ఉత్తర్వు మరుసటి రోజే వస్తుంది, మొదట నష్టపోయేది పాలెమే.

పులికాట్ సరస్సును సముద్రంతో కలిపే రాయదొరువు ముఖద్వారం ఇసుకతో పూడి సముద్రపు నీరు లోపలికి రాకపోతే చేపా ఉండదు, రొయ్యా ఉండదు, పక్షీ ఉండదు. యాత్రికుల కోసం ఖర్చు చేయదలచిన మొదటి రూపాయి ఆ పూడిక తీయడానికి ఖర్చు చేస్తే అది మీకూ, యాత్రికులకూ, కొంగలకూ ఒకేసారి పనికివస్తుంది. ఇది తీరం అభివృద్ధి పద్దు కిందకు రాదని ఒక అధికారి అంటే, మరేది వస్తుందని అడగండి.

ప్రశ్న: తూపిలిపాళెం వైపు సముద్రానికి దగ్గరలో స్థలం కొనమని ఒకరు వెంటపడుతున్నారు. రిసార్టు కట్టుకోవచ్చా?
– వ్యాపారి, చిత్తూరు

జవాబు: అమ్మేవారిని ముందు ఒకే ప్రశ్న అడగండి: పోటుగీత నుంచి ఈ స్థలం ఎన్ని మీటర్లు? తీర నియంత్రణ మండలం (సీఆర్‌జెడ్) నిబంధనలు పోటు వచ్చే గీత నుంచి 500 మీటర్ల వరకు వర్తిస్తాయి. జనసాంద్రత తక్కువగా ఉన్న గ్రామీణ తీరంలో మొదటి 200 మీటర్లలో కొత్త రిసార్టు కట్టనివ్వరు. ఆ తరువాతి భాగంలో అనుమతి తీసుకుని, షరతులకు లోబడి కట్టుకోవచ్చు. ఇసుకదిబ్బలను చదును చేయకూడదు. పక్షుల అభయారణ్యం హద్దులో అయితే ఆ ఆలోచనే వదులుకోవాలి. సరస్సు ఒడ్డు కదా, సముద్రం కాదు కదా అని ఎవరైనా అంటే నమ్మకండి; పోటు నీరు వచ్చే సరస్సులకూ ఈ నిబంధనలు వేరే కొలతలతో ఉన్నాయి.

రిసార్టులకు పెట్టిన షరతుల్లో మాకు నచ్చిన ఒకటుంది, అది ఎక్కడా సరిగా అమలు కావడం లేదు: రెండు రిసార్టుల మధ్య కనీసం 20 మీటర్ల వెడల్పున జనం తీరానికి వెళ్లే దారి వదలాలి, వేసుకున్న కంచె ప్రజల రాకపోకలకు అడ్డు కాకూడదు. మీరు కట్టదలిస్తే ఆ దారిని ముందుగా వేసి, దానికి గేటు పెట్టకుండా, గోడ మీద రాయించండి. పాలెంవారు మిమ్మల్ని పరాయివారిగా చూడరు.

ప్రశ్న: పాత రేవును బాగుచేసి ప్రజలకు ఇచ్చినచోట్లు ఎక్కడైనా ఉన్నాయా? విదేశాల వరకు వెళ్లవలసిందేనా?
– ఒక పాఠకురాలు, పలమనేరు

జవాబు: అక్కరలేదు, కొచ్చికి రాత్రి రైలుంది. ఫోర్టు కొచ్చిలో మిరియాలు, కొబ్బరిపీచు ఎగుమతి చేసిన ఆస్పిన్‌వాల్ సంస్థ పాత గోదాములను పడగొట్టకుండా 2012 నుంచి కళాప్రదర్శనలకు వాడుతున్నారు. చీనా వలలు పక్కనే ఉన్నాయి, వాటి మీద ఇంకా చేపలు పడుతున్నారు. 2023లో మొదలైన వాటర్ మెట్రో పడవలు దీవుల ప్రజలకు రోజువారీ ప్రయాణసాధనం, యాత్రికులకు షికారు. యాత్రికుడి కోసం విడిగా కట్టినదానికంటే స్థానికుడికి పనికివచ్చేదే ఎక్కువ కాలం నిలుస్తుందని మా నమ్మకం. కేప్‌టౌన్‌లో 1988 నుంచి అభివృద్ధి చేసిన విక్టోరియా, ఆల్ఫ్రెడ్ రేవులో దుకాణాలు ఎన్ని వచ్చినా వేటపడవలు, ఓడల మరమ్మతులు అక్కడి నుంచి పోలేదు.

రెండో వైపు లివర్‌పూల్ ఉంది. 1846లో తెరిచి 1972లో మూతబడిన ఆల్బర్ట్ డాక్‌ను 1988లో చక్కగా బాగుచేసి, ఆ రేవు ప్రాంతానికి 2004లో ప్రపంచ వారసత్వ హోదా తెచ్చుకున్న నగరం అది. తరువాత పక్కనున్న రేవుల్లో ఎత్తైన భవనాల పథకాలకు, ఫుట్‌బాల్ మైదానానికి అనుమతులు ఇస్తూ పోయింది. యునెస్కో 2012లో హెచ్చరించి, 2021లో హోదాను తీసివేసింది. మన విశాఖ రుషికొండ బీచ్‌కు 2020లో వచ్చిన బ్లూఫ్లాగ్ గుర్తింపును (శుభ్రమైన, సురక్షితమైన బీచ్‌లకు ఇచ్చే అంతర్జాతీయ గుర్తింపు) 2025లో చెత్త, కుక్కల వంటి ఫిర్యాదుల మీద కొన్నాళ్లు వెనక్కి తీసుకుని, బాగుచేసిన తరువాత తిరిగి ఇచ్చారు. జెండా ఎగురవేసిన రోజున కనిపించిన అధికారుల్లో సగంమంది ఊడ్చే పనిని ప్రతిరోజూ చూసి ఉంటే ఆ అవసరం వచ్చేది కాదు.

ప్రశ్న: ఇవన్నీ అయ్యేలోపు పిల్లలను తీసుకుని ఒక్కరోజులో ఏమైనా చూసి రాగలమా? ఎప్పుడు వెళ్లాలి?
– గృహిణి, చిత్తూరు

జవాబు: అక్టోబరు, నవంబరులలో తుపానుల భయం ఉంటుంది కాబట్టి డిసెంబరు చివర నుంచి ఫిబ్రవరి వరకు మంచి కాలం. చీకటితో బయలుదేరి ముందు నేలపట్టు పక్షుల ఆశ్రయానికి వెళ్లండి. చెరువు నీటిలో పెరిగే కడప చెట్ల మీద గూడబాతులు, నత్తగుల్ల కొంగలు పిల్లలను పెంచుతూ కనిపిస్తాయి. ఎండ ఎక్కకముందే సూళ్లూరుపేట నుంచి శ్రీహరికోట వెళ్లే రోడ్డు మీదకు చేరితే రెండు వైపులా పులికాట్ నీరు, దూరంగా ఫ్లెమింగోల బారులు. రోడ్డు మీద బండి ఆపేటప్పుడు జాగ్రత్త, పక్షుల కోసం హారన్ కొట్టకండి. రాకెట్ ప్రయోగం ఉన్న రోజు అయితే 2019లో తెరిచిన వీక్షణ గ్యాలరీకి ముందుగా పేర్లు నమోదు చేసుకోవాలి. మధ్యాహ్నం తరువాత తూపిలిపాళెం వెళ్లవచ్చు, కానీ అక్కడ పిల్లలను నీటిలో మోకాలి లోతు దాటనివ్వకండి. తాగునీరు, భోజనం వెంట తీసుకెళ్లండి. తిరుగుప్రయాణంలో పాలెంలో ఎండుచేపలు కొనేటట్లయితే బేరమాడకండి, మూత గట్టిగా ఉన్న డబ్బా ఇంటి నుంచే తెచ్చుకోండి.